సమాజశాస్త్రమునకు స్త్రీలు చేసిన సేవ



ఈ సాయంకాలము నేను ప్రసంగింపదలచిన విషయము పేరు విన్నంతనే కొందఱు పెద్దలు రేడియో మీట త్రిప్పివేయుదురేమో యని నాకు భయముగా నున్నది. సమాజశాస్త్రమట! అందులో స్త్రీలట! ఐనను కొంచెము ఓపిక పట్టుడు. ఈ శాస్త్రము మీరెఱుగనిది కాదు. ఏ యింటి పిల్లను ఏ యింటికిచ్చిరి, ఏ కులమువారు ఏ బావినీరు త్రాగుదురు, కఱవు వచ్చినప్పుడు ముందుగా ఊరు విడుచువారెవరు, అప్పిచ్చువాడెవడు, వడ్డి యెంత, అన్నదమ్ములు వేఱుపడునప్పుడు పశువులనెట్లు పంచుకొందురు - ఇవన్నియు రచ్చకట్టమీద కూర్చుండు పెద్దలకు కరతలామలకములు. వీనిని వరుసగా అడిగి, వ్రాసి, ఒక యూరితో నింకొక యూరిని సరిపోల్చి, ఇట్లేల జరుగుచున్నదని విచారించుటయే సమాజశాస్త్రము. ఐరోపాఖండమున దీని పేరును వ్యాప్తికి తెచ్చినవాడు ఆగస్తు కోంతు అను ఫ్రెంచి పండితుడు. అది పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధము. పిమ్మట ఇంగ్లండున స్పెన్సరు, ఫ్రాన్సున దుర్కేము, జర్మనీలో వేబరు మొదలగువారు దానిని పెంచిరి. కళాశాలల పుస్తకములలో ఈ పేర్లే కనబడును. ఆ పుస్తకములు చదివినవానికి, ఈ శాస్త్రమును మగవారే కని మగవారే పెంచిరని తోచును. నాకును చాలకాలము అట్లే తోచెను.

మొదట నా తప్పొకటి చెప్పుకొనవలెను.

మాది మహానంది. నల్లమల కొండల యడుగున, నంద్యాలకు దగ్గఱ. పూర్వము కర్నూలు జిల్లాలోనిది; 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. మా కోనేటి నీరు వేసవిలో సైతము తగ్గదు. ఆలయమునుండి వెడలివచ్చు ఆ నీటి క్రిందనే మా మళ్లు, మా అరటితోటలు. చుట్టుప్రక్కల నేల యెండి బీటలు వాఱినను మాకు పచ్చదనము తప్పదు. ఇది నలువది యేండ్లకు పైబడిన మాట. నేనప్పుడు క్రొత్తగా ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించితిని. గ్రామములోని కుటుంబముల లెక్క వ్రాసి పంపుడని మాకొక పని యొప్పగించిరి. పేరు, వయస్సు, చదువు, చేయు పని - ఇట్లు గడులు గీచిన కాగితములు నాకిచ్చిరి. నేను ఇల్లిల్లు తిరిగి, వీథి యరుగుమీద కూర్చుండి, యజమానినడిగి వ్రాయుచుంటిని. ఆడవారి పని యేమని యడిగినప్పుడు ఇంచుమించుగా ప్రతి యింటను ఒకటే జవాబు: "ఏముంది అయ్యవారూ, ఇంట్లోనే ఉంటారు." నేను ఆ గడిలో "పని లేదు" అని వ్రాసితిని. లోపలినుండి ఒకరిద్దఱు గొంతు సవరించుకొన్నట్లు గుర్తు. నేను లోపలికి తిరిగి చూడలేదు.

చివరకు మా యింటి వంతు వచ్చినది. అక్కడ నేనెవరినీ అడుగనైనను లేదు. మా అమ్మ పేరు వ్రాసి, ఎదుట "పని లేదు" అని వ్రాసితిని.

మా అమ్మ కోడి కూయకమున్నే లేచి వాకిలి యూడ్చి కళ్లాపి చల్లును. నీరు మోయును. బఱ్ఱె పాలు పిండును. రాగిసంగటి కెలికి, సద్ది గట్టి, తానే చేనికి మోసికొనిపోవును. నాట్ల కాలమున నాట్లకు, కలుపుల కాలమున కలుపునకు పోవును. శివరాత్రి తిరునాళ్లకు నెల దినములు ముందుగా మోదుగాకు తెచ్చి విస్తళ్లు కుట్టి యమ్ముకొనును. ఆ రూకలతోనే నేను ఉపాధ్యాయ శిక్షణకు పోయితిని. నాడు ప్రొద్దుగ్రుంకువేళకు ఆమె గడ్డిమోపు నెత్తిన బెట్టుకొని వచ్చి, దానిని దింపి, "ఏమి రాస్తాండావు నాయనా?" అని యడిగెను. నేను చదివి వినిపించితిని. ఆమె నవ్వెను. "అంతేలే నాయనా, నాకేం పని!" అని బఱ్ఱెకు గడ్డివేయ పోయెను. ఆ నవ్వు నాకప్పుడు బోధపడలేదు.

ఆ కాగితముల నకలు నాయొద్ద నేటికిని గలదు. అది చూచినప్పుడెల్ల నాకొక ప్రశ్న పుట్టుచుండెను. నేనొక్కడనే ఇట్లు వ్రాసితినా? లేక పెద్దపెద్ద పండితులును ఇట్లే అరుగుమీద కూర్చుండి వ్రాసిరా? వెదకగా వెదకగా తెలిసినదేమనగా, చాలమంది ఇట్లే వ్రాసిరి. కాని గడప దాటి లోపలికి పోయి అడిగినవారు కొందఱుండిరి. వారిలో పలువురు స్త్రీలు. వారి పేళ్లే పుస్తకములనుండి జాఱిపోయినవి.

ఆంగ్లదేశమున హేరియట్ మార్టినో అను నామె యుండెను. 1802 లో జననము, 1876 లో మరణము. బాల్యమునుండి వినికిడి తక్కువ. చెవికి బూరవంటి గొట్టము నానించుకొని వినవలసిన స్థితి. అట్టి యామె 1834 నుండి రెండేండ్లు అమెరికా దేశమెల్ల తిరిగి, 1837 లో ఆ సమాజమును గూర్చి గ్రంథము వ్రాసెను. బానిసలను గూర్చి, స్త్రీలకు రాజ్యవ్యవహారములలో చోటు లేమిని గూర్చి, ఆ దేశమువారు తాము చాటుకొన్న ధర్మముతోడనే వారి నడవడిని తూచి చూపెను. మఱుసటి సంవత్సరము, అనగా 1838 లో, పరదేశపు ఆచారవ్యవహారములను ఎట్లు పరిశీలింపవలెనో తెలుపు గ్రంథమును ప్రకటించెను. అందామె చెప్పినది మన పెద్దలకు నచ్చును: మనుష్యుల మాటలు ముందు వినరాదు, ముందు వస్తువులను చూడవలెను, శ్మశానమున ఏమి చెక్కిరి, చెఱసాలలో ఎవరున్నారు, జనులేమి పాడుకొందురు అని, ఆ తర్వాత మాటలు విన్నచో వానికి అర్థము తెలియును. దుర్కేము అను పండితుడు ఈ శాస్త్రమునకు నియమములు వ్రాసినది 1895 లో. నడుమ ఏబదియేడేండ్ల యంతరము. ఐనను ఆచార్యపీఠము ఆయనది.

చెవిటిది, పైగా ఆడుది, ఈమెకు పరదేశమున నేమి తెలియునని కొందఱాక్షేపించిరి. ఆమె యిచ్చిన సమాధానము నాకెంతయు ప్రియమైనది. మగ యాత్రికులకు తెఱవని తలుపులు తనకు తెఱచిరనియు, పిల్లల గదియు వంటయిల్లును ఒక జాతి నడవడిని నేర్చుకొనుటకు మంచి బడులనియు నామె చెప్పెను. వంటయింటిని బడి యన్నవారు ఆమెకు పూర్వ మెందఱుందురు?

తర్వాత 1853 లో, కోంతు పండితుని ఆఱు సంపుటముల గ్రంథమును ఆమె రెండు సంపుటములుగా కుదించి ఆంగ్లీకరించెను. అది చూచి కోంతు ఎంత సంతసించెననగా, తన మూలమునకు బదులుగా ఆమె గ్రంథమునే చదువుడని తన శిష్యులకు చెప్పెను. దానిని మరల ఫ్రెంచిభాషలోనికి తిప్పుకొనిరి కూడ. ఇంత జరిగినను వెనుకటి పుస్తకములలో ఆమెకు దక్కినది అనువాదకురాలను పేరు మాత్రమే. ఆమె స్వంత పరిశీలనలను పండితులు మరల తిరుగవేయుట ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని జరుగలేదు.

పరదేశముల మాట యటుండనిండు. మన తెలుగునాట ఇట్టివారు లేరా? ఉన్నారు. భండారు అచ్చమాంబగారి పేరు మీలో కొందఱు వినియుందురు. ఆమె తమ్ముని పేరు మాత్రము అందఱును విన్నదే - విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్న కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు. ఆయన పేరిట సభలు ఉన్నవి, ఉండదగినవే. కాని ఆ తమ్మునికి చదువుకొను కాలమున నీడనిచ్చిన యిల్లు అక్కగారి యిల్లే.

అచ్చమాంబగారు 1874 లో కృష్ణామండలమునందలి నందిగామలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించెను. చిన్నతనముననే భండారు మాధవరావుగారితో వివాహము. భర్త ఉద్యోగరీత్యా నాగపురము వైపున, మధ్యపరగణాలలో కాపురము. ఆమె బడికి పోయి చదివినది లేదు. తమ్ముడు తనయొద్ద నుండి చదువుకొనునప్పుడు తానును తెలుగు, హిందీ, మరాఠీ భాషలు నేర్చుకొనెను. ఇద్దఱు బిడ్డలు కలిగి, ఇద్దఱును చిన్ననాడే పోయిరి. అనాథలైన పిల్లలను తన యింట చేర్చుకొని పోషించుచు, ఆమె యొక మహాకార్యమునకు పూనుకొనెను.

ఆ కాలపు వాదమేమి? స్త్రీలు స్వభావముచేతనే అబలలు. వారి బుద్ధి మందము. చదువు నేర్పినచో చెడిపోదురు. ఈ మాటలు శాస్త్రవాక్యములవలె చెప్పబడుచుండెను. అచ్చమాంబగారు దీనిపై కోపించి వ్యాసము వ్రాసి యూరకుండలేదు. సాక్ష్యము వెదకిరి. ఈ దేశచరిత్రలో రాజ్యమేలినవారు, యుద్ధము చేసినవారు, కవిత్వము చెప్పినవారు, విద్యావతులైనవారు ఎవరెవరో పలు భాషల గ్రంథములనుండి యేఱి, వారి చరిత్రలు వరుసగా వ్రాసిరి. చదివిన స్త్రీ చెడిపోవుననుచున్నారు గదా, ఇదిగో చదివిన స్త్రీలు, వీరేమైరో చూడుడు - ఇదియామె పద్ధతి. ఆ గ్రంథము "అబలా సచ్చరిత్ర రత్నమాల". వీరేశలింగంపంతులుగారి చింతామణి పత్రికతో సంబంధము గలిగి, 1901 లో పుస్తకరూపమున వెడలినది. పేరులో "అబల" అనియే యుంచి, లోపల అంతయు దానికి విరుద్ధమైన సాక్ష్యము నింపుట నాకొక చమత్కారముగా తోచును.

ఇది జీవితచరిత్రల పుస్తకమే గాని సమాజశాస్త్రమెట్లగునని మీరడుగవచ్చును. ఒక సమాజము తన్ను గూర్చి తాను నమ్ముచున్న మాటను పట్టుకొని, దానిని నిదర్శనములతో పరీక్షించుట ఆ శాస్త్రపు మొదటి పని. ఆ పని తెలుగున ఆమె చేసెను. అంతటితో నాగలేదు. 1902 లో బందరున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. అదే సంవత్సరము హిందూసుందరీ పత్రికలో "ధనత్రయోదశి" అను కథ ప్రకటించెను. గురజాడవారి "దిద్దుబాటు" 1910 నాటిది. అదియే తెలుగున మొదటి కథయని మాకు బడిలో చెప్పిరి, నేనును నా విద్యార్థులకు అట్లే చెప్పితిని. ఎనిమిదేండ్లు ముందున్న అచ్చమాంబగారి కథను పరిశోధకులు వెలికి తీసిన తర్వాతగాని ఆ మాట సవరణకు రాలేదు. ఇదియు నా తప్పులలో నొకటి. ఐతే దీనికి నాకు తోడు చాలమంది గలరు.

రత్నమాలను మూడు భాగములుగా వ్రాయవలెనని ఆమె సంకల్పము: మొదట చరిత్రలోని స్త్రీలు, పిమ్మట వేదపురాణములలోనివారు, తర్వాత పరదేశ స్త్రీలు. అది నెఱవేఱలేదు. 1905 లో, ముప్పది యేండ్లు దాటీ దాటకమునుపే, ఆమె పరమపదించెను.

ఆమె విడిచిన త్రోవలోనే, ఎనుబది యేండ్లకు పైబడిన తర్వాత, హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన యను స్త్రీల సంఘము మఱొక పని చేసినది. 1946 నుండి 1951 వఱకు తెలంగాణమున జరిగిన సాయుధపోరాటములో పాల్గొన్న స్త్రీలను వెదకి, వారి యిండ్లకు పోయి, వారి నోటనే వారి కథ చెప్పించుకొని వ్రాసిరి. 1986 లో వెలువడిన ఆ పుస్తకము పేరు "మనకు తెలియని మన చరిత్ర". తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యంగారి వంటివారు అందు మాటలాడిరి. అదే పోరాటమును గూర్చి నాయకులు వ్రాసిన గ్రంథములు అంతకు ముందే యున్నవి. అందులో లేనిది ఇందేమున్నదనగా, అడవిలో పసిబిడ్డను ఏమి చేయవలెను, పోరాటము ముగిసిన తర్వాత ఆ స్త్రీ యే యింటికి పోవలెను అను సంగతులు.

అడవి మాట వచ్చినది గనుక మా నల్లమలకు వత్తును. మా మహానంది వెనుక కొండలలో చెంచులు గలరు. వారి పల్లెలను పెంటలందురు. తేనె, కుంకుళ్లు, జిగురు తెచ్చి అమ్ముకొని పోవుదురు. అహోబిలపు చెంచులక్ష్మి కథ మనకందఱకు తెలియును గాని, చెంచుల బ్రదుకు మనలో తెలిసినవారు తక్కువ. ఆ బ్రదుకును గూర్చి లోకము చదువుకొనిన గ్రంథము 1943 లో వచ్చినది. వ్రాసినవాడు ఆస్ట్రియా దేశస్థుడైన హైమన్‌డార్ఫు. ఆయన 1939 లో యుద్ధము ఆరంభమైనప్పుడు ఇండియాలో నుండుటచే శత్రుదేశస్థుడుగా లెక్కింపబడి, నైజాము సంస్థానపు హద్దులలోనే యుండవలసినవాడాయెను. ఆ నిర్బంధమునే అవకాశముగా చేసికొని, కృష్ణకు ఉత్తరమున అమరాబాదు పీఠభూమిలో చెంచుల నడుమ మకాము పెట్టెను. అందు వ్రాసిన సంగతులలో నొకటి: చెంచు స్త్రీ ఇనుపమొన గల కఱ్ఱతో గడ్డలు త్రవ్వి తెచ్చును, ఇంటి తిండిలో ఆమె తెచ్చునది ముఖ్యభాగము, ఆలుమగలు ఒకరికొకరు లోకువ కారు.

ఆ మకాములలో ఆయన వెంట ఆయన భార్య యుండెను. ఆమె పేరు ఎలిజబెత్తు. బెట్టీ యని పిలుతురు. 1945 లో పాపికొండల కొండరెడ్లను గూర్చిన గ్రంథము వచ్చినప్పుడు, ఆ గ్రంథమునకు ఆమె సహకారము గలదని ముఖపత్రముమీద వేసిరి. 1979 నాటి గోండుల గ్రంథముమీదను అట్లే. ముప్పదినాలుగేండ్లలో సహకారము సహకారముగానే నిలిచినది. మా ప్రాంతపు చదువరులు ఆ గ్రంథములను హైమన్‌డార్ఫు దొరగారి పుస్తకములందురేగాని, వారిద్దఱివి యనగా నేను వినలేదు. పరపురుషుడు గుడిసె వాకిట నిలుచుండగా లోపలి స్త్రీ తన పురుడు, తన సవతి, తన ఆకలి సంగతులు చెప్పునా? మీరే యాలోచింపుడు.

ఆమె చేసిన మఱియొక పనిని చాలమంది యెఱుగరు. దక్షిణాసియా జనులను గూర్చి ఎవరెవరు ఏయే భాషలలో ఏమేమి వ్రాసిరో వెదకి, ఆ గ్రంథముల పట్టికను స్వయముగా సంకలనము చేసెను. మొదటి సంపుటము 1958 లో, తర్వాతివి 1964, 1970 లలో వచ్చినవి. పూర్వము ఊరి కరణము చిట్టా అడంగలు సరిగా నుంచకున్న భూమి యుండియు లేనట్లే యగుచుండెను గదా! పండితులకును అంతే. ఆ పట్టిక చేత బట్టుకొని ఎందఱు పట్టములు పొందిరో లెక్కలేదు. పట్టిక వ్రాసినవారిని స్మరించు ఆచారము మాత్రము ఎక్కడను లేదు. ఆమె 1987 లో హైదరాబాదున మరణించినప్పుడు, ఆదిలాబాదు అడవులలోని మార్లవాయి గ్రామమున గోండుల నడుమ సమాధి చేసిరి. హైమన్‌డార్ఫు 1995 లో పోయెను; ఆయన అస్థికలను తర్వాత ఆమె ప్రక్కకే చేర్చిరి. ఆ యూరివారు ఇద్దఱి పేరును కలిపియే తలచుకొందురు. పుస్తకములు చేయని పనిని ఆ పల్లె చేసినది.

ఇక మన బాంధవ్యముల మాట. మనము మేనత్తను అత్త యందుము, మేనమామ భార్యను అత్త యందుము, భార్యను కన్న తల్లిని అత్త యందుము. ముగ్గుఱికి ఒకటే మాట యేల? పెదనాయన, చిన్నాయన బిడ్డలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనత్త బిడ్డలు మాత్రము బావలు, మఱదండ్లు. ఏల? మేనరికమున్న చోట మేనత్తయే అత్తగారగును. కాబట్టి మాట యొకటే చాలును. ఇది మనకు ఉగ్గుపాలతో వచ్చిన సంగతి గనుక ఆశ్చర్యము లేదు. కాని ఉత్తరదేశమున ఇట్లు కాదు. అక్కడ పిల్లను ఎఱుగని యింటికి, ఎఱుగని యూరికి ఇత్తురు. ఆ పిల్ల మామగారి యెదుట ముసుగు వేసికొనును. పుట్టింటి బిడ్డ వేఱు, మెట్టినింటి కోడలు వేఱు. మన పిల్ల చాలచోట్ల ఒడిలో పెరిగిన మేనమామ యింటికే కోడలుగా పోవును. అతని యెదుట ముసుగేల?

ఈ భేదమును భాషలనుండి, గ్రంథములనుండి, ఊళ్లనుండి కూర్చి, దేశమంతటికి ఒక పటముగా చూపినది ఇరావతీ కర్వే. బర్మాలో 1905 లో పుట్టుటచే అచ్చటి ఇరావతీనది పేరు పెట్టిరి. బెర్లినులో చదివి, పూనాలోని దక్కను కళాశాలలో 1939 నుండి పనిచేసి, 1970 లో పరమపదించెను. మన దేశపు బాంధవ్యవ్యవస్థను ఉత్తర, మధ్య, దక్షిణ, ప్రాగ్భాగములుగా విభజించి చూపిన ఆమె గ్రంథము 1953 నాటిది. ఆమె కొలత సాధనములు మోసికొని దేశమెల్ల తిరిగెను. స్త్రీ వీథిలో సైకిలెక్కిన వింతగా చూచు దినములలో పూనా వీథులలో స్కూటరు నడపెను. లోకులు మాత్రము ఆమెను విధవావివాహములకు పాటుపడిన మహర్షి కర్వేగారి కోడలుగానే మొదట చెప్పుకొనిరి. కోడండ్రను గూర్చియే వ్రాసినామెకు ఇది తగినదే యని నవ్వుకొనెనేమో!

ఆమె మరాఠీలో మహాభారతమును గూర్చి "యుగాంత" మను గ్రంథమును వ్రాసి 1968 లో సాహిత్య అకాడమీ బహుమానమందెను. భారతమును పురాణముగా వినువారికి అందులోని కొన్ని మాటలు కష్టముగా తోచవచ్చును, నాకును తోచెను. గాంధారిని ఆ యింటికి ఏల యిచ్చిరి, కుంతి తన బిడ్డలతో వచ్చినప్పుడు ఆ యింట ఆమెకు హక్కేమి యుండెనని యడుగునామె నడుమనే తెలియును, ఇవి మన యూరి పంచాయితీలోని ప్రశ్నలే యని.

ఇప్పుడు నా కాగితములకు మరల వత్తును. "పని లేదు" అను మాటను గూర్చి దేవకీజైను అను నామె, 1976 ప్రాంతమున, తన సహచారిణితో కలిసి యొక పరీక్ష చేసెను. ఆమె మైసూరులో పుట్టినది. రాజస్థానమునందును పశ్చిమబంగాళమునందును ఆఱు గ్రామములనెంచుకొని, నీవేమి పని చేయుదువని యడుగుట మాని, ఆ యిండ్లలో దినమెల్ల కూర్చుండి, ఏ గడియలో ఎవరేమి చేయుచున్నారో వ్రాయించెను. సర్కారు లెక్కలలో పనిలేనివారుగా నున్న స్త్రీలు పశువులను మేపుచు, కలుపు తీయుచు, ధాన్యము తూర్పాఱబట్టుచు కనబడిరి. దోషము స్త్రీలయందు లేదు, ప్రశ్నయందున్నది. పనియనగా కూలి వచ్చునది యని అడుగువాడు తలచును, చెప్పు మగవాడును తలచును, తుదకు మా అమ్మవలె చేయునామెయు తలచును.

ఈ పద్ధతినే, దినమంతయు గడియ గడియకు ఏమి చేసిరో యడుగు లెక్కను, మన దేశమంతట మొదటిసారి 2019 లో జరిపిరి. ఇంటిపని చేయు స్త్రీ దానికి వెచ్చించు కాలము దినమునకు సగటున 299 నిమిషములు. అనగా అయిదు గంటలకు ఒక నిమిషము తక్కువ. పురుషుడు 97 నిమిషములు. అదియు, ఏ కొంచెమైనను ఇంటిపని చేసితిమన్న పురుషులు నూటికి 26 మందియే. స్త్రీలు 81 మంది. ఈ అంకెలలో కూలిలేని చేనిపని వేఱు. ఇవి విన్న తర్వాత నేను మా అమ్మ దినమును వ్రేళ్లమీద లెక్కవేసి చూచితిని. పదునాలుగు గంటలకు తగ్గలేదు.

పోయిన యేడు ఒక కళాశాలనుండి ఒక పిల్ల మా యింటికి వచ్చినది. ఈ ప్రాంతపు కుటుంబములు కఱవు కాలములను ఎట్లు గడపెనో వ్రాసికొనుచున్నదట. నేను కుర్చీ వేయించి, కూర్చుండబెట్టి, ఎప్పటివలె చెప్ప నారంభించితిని. కోనేటి క్రిందిది నా మడి. వంక కవతలి మెట్ట మాత్రము వానమీద ఆధారము. 2002 లో వాన లేక అచ్చట వేరుసెనగ గింజ చేతికి రాలేదు. ఐనను నా జీతముతో గడచినది, అప్పు చేయలేదు అని చెప్పితిని. ఆ పిల్ల వ్రాసికొనుచు, నడుమ తలయెత్తి, "తాతా, అవ్వను గూడ అడగొచ్చునా?" అనెను. నేను "ఆమెకేమి తెలుసునమ్మా" అనబోయి, మా అమ్మ నవ్వు జ్ఞప్తికి వచ్చి, నోరు మూసికొంటిని.

వారిద్దఱును వంటయింట గంటన్నర కూర్చుండిరి. నేను బయట వార్తాపత్రిక చదువుచున్నట్లు నటించుచు వినుచుంటిని. మా యింటిది చెప్పుచుండెను: ఆ యేడు పశువుల మేతకు, చిన్నవాని చదువు రుసుమునకు డబ్బు చాలలేదనియు, తన కమ్మలు మాఱు పెట్టి తెచ్చెననియు, నాకు తెలియకుండ నాలుగేండ్లు పాలు అమ్మి విడిపించుకొనెననియు, ఆ నాలుగేండ్లు చెవులకు వేపపుల్లలు పెట్టుకొని, కమ్మలు గ్రుచ్చుకొనుచున్నవని నాతో చెప్పెననియు.

ఆ పిల్ల వెళ్లిన తర్వాత నేను పెట్టె తెఱచి నా పాత కాగితములు తీసితిని. ఆ వీథిలో నూటపదునేడు మంది స్త్రీల పేళ్లెదుట నా దస్తూరీతో ఆ మాట యున్నది. అందులో బ్రదికియున్నవారు ఇరువదిమందికి మించరు. రేపటినుండి ఒక్కొక్కరి యింటికి పోయి, ఆ రోజులలో ఏమి పని చేసెడివారని అడుగుచున్నాను. ఈసారి అరుగుమీద కూర్చుండుట లేదు.